బందరు దాకా లొటలొట

విజయవాడ పటమట నుంచి బందరు వెళ్లడం కూడా ఒక ప్రయాణమేనా అని మా ఇంట్లోనే అన్నారు. ఎవరన్నారో, ఏ కుర్చీలో కూర్చుని అన్నారో నాకు గుర్తుంది. బస్సులో అయితే నిజమే, ఒక కునుకు తీసేలోపు సగం దారి అయిపోతుంది. ఎక్కడ ఆగిపోతుందో తెలియని కారులో, పాటలు కట్టేసి, చెవులు రెండూ ఇంజనుకి అప్పగించి వెళ్తే మాత్రం అదే రోడ్డు చాలా పొడుగు. అలా వెళ్లనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

పటమట

నాది డీజిలు కారు. మీటరు మూడు లక్షలు దాటింది. పెడనలో కలంకారీ బట్టలు కొనుక్కొచ్చి పటమటలో మా ముందు గదిలో అమ్ముతాను. ఆ వ్యాపారంతో కొన్న కారే ఇప్పుడు ఆ వ్యాపారాన్ని మోస్తోంది. ఇది పోతే ఇంకోటి కొనే స్తోమత ఇప్పట్లో లేదు. మూటలతో బస్సులెక్కడం ఒకప్పుడు చేశాను. మూటల గురించి కండక్టర్లు అన్న మాటలు ఇంకా చెవుల్లోనే ఉన్నాయి.

ఎండలు ముదిరే వేళకి ఇంజనులో చప్పుడు మొదలైంది. మా మరిది శ్రీనివాస్ బానెట్ దగ్గర చెవి పెట్టి, "ఇది నాకింగ్ వదినా" అన్నాడు. అతను స్థలాలు అమ్మిస్తుంటాడు, కార్ల గురించి ఫోనులో చూసి నేర్చుకుంటుంటాడు. ఆ మాట నేను అదే మొదటిసారి వినడం. ఇద్దరం ఆటోనగర్ వెళ్లాం.

"ఏంటి సార్ ప్రాబ్లం?" అని మెకానిక్ మా మరిదిని అడిగాడు. తాళం నా చేతిలో ఉంది.

"నాకింగ్" అన్నాడు శ్రీనివాస్.

"పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు..." అని నేను మొదలుపెట్టాను.

"మేడమ్, మీరు అలా ఫ్యాను కింద కూర్చోండి. టీ చెప్తాను."

టీ వచ్చింది. నేను సగం తాగేలోపు తీర్పు కూడా వచ్చింది. లోపల బేరింగులు పోయాయట. ఇంజను దించాలట. ఈ వయసు బండికి అంత ఖర్చు దండగట, తుక్కుకి ఇచ్చేయడం మంచిదట. శ్రీనివాస్ అక్కణ్నుంచే ఫోను చేసి, తుక్కు బండ్లు కొనే ఆయన్ని ఆదివారం మా ఇంటికి రమ్మన్నాడు. నన్ను ఒక్క మాట అడగలేదు. మిగిలిన సగం టీ నేను ముట్టుకోలేదు.

ఆ ఇంజనుకి ఒకప్పుడు పెద్ద రిపేరు చేసినవాడు ఏడుకొండలు. అప్పట్లో అతని షెడ్డు ఆటోనగర్‌లోనే ఉండేది. తర్వాత సొంతూరు వెళ్లిపోయి, బందరు పక్కన గిలకలదిండి హార్బర్‌లో బోటు ఇంజన్లు చూసుకుంటున్నాడు. నా బండి సంగతి అతనికి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. కానీ అతనితో నేను మాట మానేసి ఏళ్లయింది. ఒకసారి ముందు చక్రం గరగరమంటోందని చెబితే, షెడ్డులో అందరి ముందూ "అమ్మగారూ, మీకు వినబడేది మీ గాజుల చప్పుడు" అన్నాడు. అందరూ నవ్వారు. తర్వాత ఇంకో చోట చూపిస్తే చక్రం బేరింగు పోయిందని తేలింది. ఆ సంగతి అతని మొహం మీద చెప్పే అవకాశం నాకు రాలేదు. కాబట్టి బందరు వెళ్లడానికి నాకు రెండు పనులున్నాయి.

"దారిలో రాడ్డు ఇంజను పగలగొట్టుకుని బయటికొస్తుంది వదినా. అప్పుడు తుక్కు రేటు కూడా రాదు" అన్నాడు శ్రీనివాస్.

అది అబద్ధం కాదు. లోపల బేరింగే పోయుంటే జరిగేది అదే. అయినా శుక్రవారం పొద్దున్నే బయల్దేరాను. "పెడనలో దుప్పట్లు కావాలక్కయ్యా, నేనూ వస్తాను" అని అతని భార్య విమల ముందు సీట్లో ఎక్కి కూర్చుంది. నా తోటికోడల్ని కాపలాకి పంపారని నాకు తెలుసు. తోడు ఎవరైనా తోడే అనుకున్నాను.

ఉయ్యూరు దాకా

రోహిణి కార్తె. పోరంకి దాటేసరికే స్టీరింగు మీద చెయ్యి పెట్టలేకపోయాను. ఇంజను మీద జాలితో ఏసీ వెయ్యలేదు. కాలవకి ఇంకా నీళ్లు వదల్లేదు. అడుగున పచ్చగా గుర్రపుడెక్క, అందులో గేదెలు. చల్లగా పడుకున్న ఆ గేదెల్ని చూస్తే విమలకి ఒళ్లు మండింది.

"అక్కయ్యా, ఏసీ వేస్తారా, నన్ను ఇక్కడే ఉడకబెడతారా?"

వేశాను. చప్పుడు ఒక్కసారిగా పెద్దదైంది. కట్టేశాను, తగ్గింది. మళ్లీ వేశాను, మళ్లీ పెరిగింది. కంకిపాడు నుంచి ఉయ్యూరు దాకా అదే పని.

"అదేమన్నా హార్మోనియమా? నొక్కుతున్నారు, వదులుతున్నారు" అంది విమల. అంతలో ఆమె ఫోను మోగింది. "ఆఁ, ఇంకా నడుస్తోందండీ" అని గొంతు తగ్గించి చెప్పింది. అవతల ఎవరో వేరే చెప్పక్కర్లేదు.

ఉయ్యూరు దాటాక రోడ్డు పక్కన ముంజలు అమ్ముతున్న పెద్దావిడ దగ్గర ఆపాను. మా పటమటలో ముంజలు వలిచి, కవర్లో కట్టి, డజను వందకి చేతిలో పెడతారు. ఇంటికెళ్లి చూస్తే సగం ముదురువే ఉంటాయి. ఇక్కడ డజను అరవై. అదీ కాకుండా ఆవిడ ముందు ఒక కాయ చెక్కి నా చేతికిచ్చింది.

"తినమ్మా. లేతగా లేకపోతే డబ్బులియ్యొద్దు."

కొరగ్గానే నీళ్లు చిమ్మి నా కొత్త నేత చీర మీద పడ్డాయి. ముంజ నీళ్ల మరక పోదని ఆవిడే చెప్పింది, చీర తడిశాక.

పామర్రు

పామర్రు సెంటర్లో పెసరట్టు ఉప్మా తిన్నాం. అల్లం పచ్చడి అడగకుండానే రెండోసారి వేశారు. విజయవాడలో రెండోసారి అడిగితే పిల్లనడిగినట్టు చూస్తారు. పక్క బల్ల దగ్గర ఖద్దరు చొక్కా ఆయన ఒకరు మినుముల రేటుని తిడుతూ ఇడ్లీ తింటున్నారు. నేను ఇంజను ఆపకుండా వచ్చాను. ఆపితే మళ్లీ స్టార్ట్ కాదేమోనని భయం.

"ఎవరిదండీ ఆ కారు?" అన్నారాయన.

"నాదేనండీ. నాకింగ్ వస్తోంది."

"నాకింగ్ అంటే కొట్టడం కదండీ?"

"కొట్టడమే అనుకుంటానండీ."

"మరి అది కొట్టట్లేదే! కొడితే దెబ్బ దెబ్బకీ బరువుంటుంది. ఇదేంటంటే, మూత వదులైన డబ్బాని ఊపినట్టు లొటలొటమంటోంది."

లొటలొట. ఇన్ని రోజులుగా నేను వింటున్నది అదే. నా నోటికి ఆ మాటే రాకుండా, మా మరిది ఇచ్చిన మాట పట్టుకుని తిరుగుతున్నాను.

ఆయనకి రెండు ట్రాక్టర్లున్నాయట. "బేరింగు పోతే బరువు లాగేటప్పుడు చప్పుడు పెరగాలండీ. ఆ కాలవ వంతెన మీదికి ఎక్కించి చూడండి" అన్నారు. విమలని కూర్చోబెట్టుకుని, సెకండ్ గేర్లో వంతెన ఎక్కి దిగాను. పెరగలేదు. అంతే లొటలొట. తిరిగొచ్చి చెబితే ఆయన చెయ్యి కడుక్కుంటూ, "నాకు తెలిసింది ట్రాక్టరండీ. కారుకి లెక్క వేరేమో, నా మాట నమ్ముకుని ఎక్కువ తిరక్కండి" అన్నారు. నేను బిల్లు కట్టబోతే ఆయన ఇడ్లీ, కాఫీ కూడా అందులోనే ఉన్నాయి. మనిషి అప్పటికే వెళ్లిపోయారు.

"సలహా ఫీజు" అంది విమల.

గిలకలదిండి

సముద్రంలో వేట నిషేధం నడుస్తున్న రోజులు. హార్బర్ నిండా ఒడ్డుకి లాగిన బోట్లు. కొత్త రంగు వాసన, ఎండు చేపల వాసన, డీజిలు వాసన. షెడ్ల నీడన మగవాళ్లు వలలు బాగుచేసుకుంటున్నారు. ఏడుకొండలు ఒక బోటు పక్కన పీట వేసుకుని కూర్చుని ఉన్నాడు. మనిషి లావయ్యాడు. మెళ్లో గొలుసు కూడా లావయింది.

అతని ముందు పెద్ద మీసాలాయన ఒకరు నిలబడి, ఎంతో గంభీరంగా "డుబుక్ డుబుక్ డుబుక్ డుబుక్, కటక్" అంటున్నారు.

"కటక్ తర్వాత ఆగుద్దా, వెంటనే అందుకుంటదా?" అని ఏడుకొండలు కళ్లు మూసుకుని అడిగాడు.

"వెంటనే. డుబుక్ డుబుక్."

విమల కొంగు నోట్లో కుక్కుకుంది. పక్కన వల అల్లుతున్నాయన మాకు సంగతి చెప్పారు. ఆ మీసాలాయన స్రాంగు, అంటే బోటు నడిపే మనిషి. ఒడ్డుకి లాగేసిన బోటు ఇంజను ఊరికే తిప్పరు. చప్పుడు వచ్చింది సముద్రంలో, దాన్ని విన్నది స్రాంగు. అందుకని అక్కడ ఇంజను విప్పే ముందు ఆ మనిషి నోటితో చప్పుడు చేసి వినిపించాలి. చెయ్యలేకపోతే, "ఇంకోసారి విని రా" అని పంపేస్తారట. మా ఆటోనగర్‌లో బండి గలవాళ్లకి ఫ్యాను కింద కుర్చీ వేస్తారు. ఇక్కడ నిలబెట్టి అడుగుతున్నారు.

"ఎవరూ, పటమట అమ్మగారా!" అని ఏడుకొండలు లేచాడు. "బండి ఇంకా తిరుగుతోందా? తిరగదా మరి, పని చేసింది ఎవరు!"

"నాకింగ్ అంటున్నారు" అన్నాను.

"అన్నోళ్లని వదిలెయ్యండి. బండి ఏమంటోంది?"

"నేను విన్నది చెబితే గాజుల చప్పుడంటావు కదా."

అతనికి అర్థం కాలేదు. ఏ షెడ్డులో, ఏ చక్రం గురించి, ఎవరెవరు నవ్వారో మొత్తం చెప్పాను. వలలు అల్లేవాళ్లు చేతులాపి విన్నారు.

"నేనన్నానా? అనుంటాన్లెండి, నోరలాంటిది. ఇంతకీ చక్రం ఏమైంది?"

"బేరింగు పోయింది."

"చూశారా! మళ్లీ నా దగ్గరికే తెచ్చుంటే నేనే చెప్పేవాణ్ని."

ఇన్నేళ్లు మోసిన మాటకి వచ్చిన జవాబు ఇదీ. కోపం రావాల్సింది. కానీ అతను అప్పటికే పీట మీద కూర్చుని, కళ్లు మూసుకుని, "ఊఁ, కానివ్వండి" అన్నాడు. నా మాట కోసం ఒక మెకానిక్ అలా కూర్చోవడం నేను ఎప్పుడూ చూడలేదు.

చుట్టూ చూశాను. స్రాంగులు, వలల మనుషులు, మా తోటికోడలు. కొంగు సర్దుకున్నాను.

"లొట లొట లొట లొట" అన్నాను.

"ఆగి ఉన్నప్పుడా, పరిగెత్తేటప్పుడా?"

"ఆగి ఉన్నప్పుడే ఎక్కువ. పరిగెత్తితే కలిసిపోతుంది."

"వంతెన ఎక్కేటప్పుడు?"

"అదే లొటలొట. పెరగదు."

"ఏసీ వేస్తే?"

"లొటక్, లొటక్, లొటక్." ఈసారి గొంతు దానంతటదే పెరిగింది.

ఎవరూ నవ్వలేదు. స్రాంగు తల ఊపి, "లొటక్ బాగా పలికిందండీ" అన్నారు. తోటి ఉద్యోగిని మెచ్చుకున్నట్టు అన్నారు.

అప్పుడు ఏడుకొండలు నా చేత బండి స్టార్ట్ చేయించి, రెండు చప్పుళ్లూ సరిపోయాయో లేదో విన్నాడు. తర్వాత ఆపించి, ఇంజనాయిలు కొంచెం తెల్ల గుడ్డ మీద తీసి ఎండలోకి పట్టాడు.

"ఇందులో ఇనుము మెరిసిందా, లోపల బేరింగు అరిగినట్టే. అప్పుడు మీ మరిదిగారి మాటే నిజం. నేను చేసేదేం లేదు."

నేను బోట్ల వైపు తిరిగి నిలబడ్డాను. రంగులు వేసిన ముక్కులన్నీ ఒకే వైపు చూస్తున్నాయి. పెడన నుంచి మూటలు ఎలా తెచ్చుకోవాలా అని ఆలోచన మొదలైంది.

"మెరవట్లేదక్కయ్యా!" అని విమల అరిచింది. గుడ్డ ఆమె చేతిలో ఉంది. అటూ ఇటూ తిప్పి మళ్లీ చూసి, "ఒక్క చుక్క కూడా మెరవట్లేదు" అంది. తను ఎవరి తరఫున వచ్చిందో ఆ నిమిషంలో మర్చిపోయినట్టుంది.

ఏడుకొండలు ఇంజను ముందున్న బెల్టు తీసేసి, "ఒక్క క్షణమే. బెల్టు లేకుండా ఎక్కువ తిప్పకూడదు" అని స్టార్ట్ చెయ్యమన్నాడు. డీజిలు బండి మామూలు గురగుర ఉంది. లొటలొట లేదు. చెవి దగ్గర నుంచి ఈగ లేచిపోయినట్టు అనిపించింది.

"బెల్టు తీస్తే చప్పుడు పోయిందంటే రోగం లోపల కాదమ్మగారూ, బయట. ఈ బెల్టుని తిప్పే ఇనప చక్రం చూడండి. మధ్యలో రబ్బరు కట్టుంటది. ఎండిపోయి విడిపోయింది. ఏసీ వేస్తే దీని మీద బరువు పడుద్ది, అందుకే లొటక్. ఇంకొన్నాళ్లు తిరిగుంటే ఊడొచ్చి పక్కనున్నవన్నీ పాడుచేసేది."

"ఆటోనగర్‌లో ఇది ఎందుకు చెప్పలేదు?"

"నాకింగ్ అని మీరే చెప్పారు కదండీ. ఆ మాట చెవిన పడ్డాక ఇంకెవరు వింటారు?"

నేను చెప్పలేదు, మా మరిది చెప్పాడు అని అక్కడే సరిదిద్దాను.

బందరు

కొత్త చక్రం బందరు కోనేరు సెంటర్ దగ్గర దొరుకుతుందని మమ్మల్ని ఆటోలో పంపాడు. తెచ్చాక చూస్తే అది పెట్రోలు బండిది. ఏం కావాలో షాపుకి ఫోనులో చెప్పింది ఏడుకొండలే. "షాపువాడికి చెవుడు" అన్నాడు. రేపు మార్చి పెడతానన్నాడు. బండి వదిలేసి, బందరులో విమల వాళ్ల పిన్నిగారింటికి వెళ్లాం.

గుమ్మంలోనే ఆవిడ, "రండి రండి. కారు తుక్కుకి ఇచ్చేస్తున్నారటగా?" అన్నారు. వార్త నా కారు కంటే వేగంగా వచ్చింది. అయితే ఆవిడ పెట్టిన ఎండు మెత్తళ్ల చేపలు, మామిడికాయ కలిపిన పులుసు తిన్నాక ఆ మాటని సగం వరకు క్షమించాను. మా వైపు మెత్తళ్లు వేయించి పక్కన పెడతారు. ఇక్కడ పులుసులో మామిడి ముక్కతో కలిసి ఉడికి, ఏది ఏదో తెలియకుండా అయిపోతాయి. భోజనమయ్యాక చెరో తొక్కుడు లడ్డు ఇచ్చారు. ఇంటికి హల్వా కొందామని కొట్లో అడిగితే మంచిదానికి కిలో నాలుగొందల పైమాటే. అర్ధ కిలో తీసుకున్నాను.

పెడన

శనివారం పొద్దున్నే ఆటోలో పెడన వెళ్లాం. ఎప్పుడూ కొనే అద్దకం షెడ్డులో నాకు ఆ రోజు బట్ట కంటే ముందు చప్పుడు తెలిసింది. అద్దేవాళ్లు చెక్క అచ్చుని రంగులో ముంచి, బట్ట మీద పెట్టి, పిడికిలితో ఒక్క గుద్దు గుద్దుతారు. ఇన్నేళ్లు వెళ్తున్నా అది వినలేదు. అచ్చు సరిగ్గా కూర్చుంటే నిండుగా "ధబ్" అంటుంది. అంచు లేస్తే గుల్లగా వినిపిస్తుంది, అక్కడ పువ్వు చెదురుతుంది.

అద్దే ఆయన నన్ను చూసి, "ఏంటండీ, కళ్లు మూసుకున్నారు? నచ్చలేదా?" అన్నాడు.

నేను కొత్త డిజైన్లు రెండు మూటలు కట్టించాను, విమల ఆరు దుప్పట్లు తీసుకుంది. బేరం నన్నే చెయ్యమంది. పోయిన ఏడాది ఇదే షెడ్డులో నాకు రంగు దిగిన పంచె అంటగట్టారు. అది గుర్తుచేస్తే రేటు వెంటనే తగ్గింది. గుర్తుపెట్టుకోవడం వల్ల ఉపయోగం లేదనేవాళ్లు వ్యాపారం చేసి చూడాలి.

మధ్యాహ్నం హార్బర్‌కి వెళ్లేసరికి చక్రం బిగించి ఉంది. ఏడుకొండలు బానెట్ మీద చెయ్యి వేసి, "ముసలి ఇంజను, అమ్మగారూ. ఆయిలు తాగుతోంది. ఎన్నాళ్లు నడుస్తదంటే నేను మాటివ్వను. ఈసారి చప్పుడొస్తే ఇంకెవరి దగ్గరికీ పోకండి" అన్నాడు. గాజుల మాటకి క్షమాపణ లాంటిదేమైనా వస్తుందేమోనని కాసేపు నిలబడ్డాను. రాలేదు. బయల్దేరాను.

మళ్లీ పటమట

తుక్కు బండ్లాయన ఆదివారం చెప్పిన వేళకే వచ్చాడు. శ్రీనివాస్ ఆయన్ని వెంటబెట్టుకుని కారు దగ్గరికి తీసుకొచ్చి, "తాళం ఇవ్వండి వదినా" అని చెయ్యి చాపాడు.

నేనే కూర్చుని స్టార్ట్ చేశాను. ఆయన బానెట్ ఎత్తి, వంగి, ఒక చెవి పెట్టాడు. తర్వాత రెండోది పెట్టాడు.

"చప్పుడేదండీ?" అని మా మరిదిని అడిగాడు.

"ఉండాలే" అన్నాడు శ్రీనివాస్.

"తుక్కని చెప్పారు, ఇది రన్నింగ్ బండి కదండీ! రేటు వేరే మాట్లాడుకోవచ్చు."

శ్రీనివాస్ మొహం విప్పారింది. "చూశారా వదినా, బాగు చేయించడం ఎంత మంచిదైందో. ఇప్పుడు అమ్మితే..."

"అమ్మట్లేదు" అన్నాను.

"మరి ఈయన్ని ఆదివారం పూట ఇంత దూరం పిలిచి..."

"పిలిచింది నువ్వు."

విమల కొత్త దుప్పట్లు అరుగు మీద ఆరేస్తోంది. అక్కణ్నుంచే, "అమ్మేది లేదని అక్కయ్య నిన్న బందరు నుంచి వస్తూ ఫోనులో చెప్పారు కదండీ. మీరు విననేలేదు" అంది.

తుక్కాయన మంచి మనిషే. నాకు నమస్కారం పెట్టి, బానెట్ దించడానికి చెయ్యి ఎత్తాడు. వద్దని, నేనే దిగి వెళ్లి మూశాను. గట్టిగానే పడింది. తర్వాత మళ్లీ కూర్చుని, వెనక సీట్లో మూటలతో సహా వీధిలోకి తిప్పాను. బెంజి సర్కిల్ దగ్గరుండే ఒకావిడ కొత్త డిజైన్లు ఎప్పుడు చూపిస్తావని చాలా రోజులుగా అడుగుతోంది.